బొడ్డు రాలని బిడ్డ

మా ఇళ్లలో బొడ్డు రాలేదాకా బిడ్డను తొట్టెలలో వేయరు. రాలిన ముక్కను వెండి తాయెత్తులో పెట్టి మొలతాడుకు కడతారు. మోత్కూరు నల్లగొండ నుంచి విడిపోయి కొత్త జిల్లాలో కలిసిన మరుసటేడు నా కూతురు మా ఇంట్లోనే తొలిచూలు ఆడపిల్లను కన్నది. తాయెత్తు ముందే చేయించాను. మగ్గం మీద మిగిలిన పట్టుదారంతో మొలతాడు నేనే పేనాను. వారం గడిచింది, పురుడు గడిచింది. బొడ్డు రాలలేదు.

పక్కింటి వదిన వచ్చి చూసి నవ్వింది.

“నీ మనుమరాలు మొండిదే వదినా. తల్లిని ఇడువ బుద్ధయితలేదు దానికి. బొడ్డు గట్టిదైతే ఆయుష్షు గూడ గట్టిదే.”

ఆ మాట నాకు నచ్చింది. వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాను.

నెల దాటాక రాలింది. ఆ చోట చిన్న పుండు మిగిలింది. ఎర్రగా, తడిగా ఉండేది తప్ప మానేది కాదు. జ్వరం వచ్చిపోతుండేది. చీము మాత్రం లేదు. చీము పట్టని పుండు మంచి పుండని మా లెక్క. కూతురికి ఆ ధైర్యమే చెబుతూ వచ్చాను.

జ్వరం దిగకపోయేసరికి హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. అప్పటికి నాకు అక్షరాలు రావు. డాక్టరమ్మ చెప్పిందంతా చెవితోనే దాచుకున్నాను. మేనరికమా అని అడిగింది. అవునన్నాం, అల్లుడు నా తమ్ముని కొడుకే. బిడ్డ రక్తంలో తెల్లకణాలు ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉన్నాయంది. పుండు పడినప్పుడు రక్తంలోని ప్రోటీన్లు వాటిని అటు పిలుస్తాయట. అవి నెత్తురు పారే నరం గోడను పట్టుకుని ఆగి, సందులోంచి బయటికి పాకాలి. మా బిడ్డ కణాలకు ఆ పట్టునిచ్చే ప్రోటీన్ లేదు. పిలుపు విని కూడా ఆగలేక నెత్తురుతో కొట్టుకుపోతున్నాయి.

“పుండు శుభ్రంగనే ఉన్నది గదమ్మా, చీము గూడ లేదు” అన్నాను.

“చీమంటే ఏందనుకున్నవమ్మా? పుండు కాడికొచ్చి కొట్లాడి సచ్చిన కణాలే అవి. ఈ బిడ్డకు కొట్లాడెటోళ్లే వస్తలేరు.”

వేరేవాళ్ల ఎముకల్లోని మూలుగ ఎక్కిస్తే బతకవచ్చన్నారు. కలిసేది దొరకకముందే బిడ్డ పోయింది. కడిగేటప్పుడు చూశాను. పుండు అరచేయంత అయింది. చీము చుక్క లేదు. తాయెత్తు దాని మొలకే ఉంచి మట్టి కప్పాం.

మళ్లీ పుట్టే బిడ్డకూ రావచ్చని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. రెండో కానుపుకు ఈసారి తాయెత్తు చేయించలేదు. మగపిల్లవాడు. పుట్టగానే పరీక్షకు రక్తం తీసుకున్నారు. ఫలితం రావాలి. నా కూతురు రోజూ తెల్లారగానే బిడ్డ మీది గుడ్డ ఎత్తి చూసేది. రెండో వారంలో బొడ్డు రాలింది. అయినా ఆమె ముఖం తేరుకోలేదు.

ఒక పొద్దున లోపలి నుంచి మెల్లగా పిలిచింది.

“అమ్మా, జర ఇటు రా. చీమేనా గిది?”

బిడ్డ చిటికెన వేలి గోరు పక్కన వాచింది. వెలుతురుకు తెచ్చి చూశాను. పచ్చగా, నూకగింజంత.

“చీమే బిడ్డా” అన్నాను.

తరువాత దవాఖాన నుంచి రక్తం మంచిగానే ఉందని ఫోను వచ్చింది గానీ, మాకు తెలిసింది ఆ పొద్దుటే. నా కూతురు ఆ వేలిని వదలకుండా గడప మీద కూర్చుంది.

“దానికి గింతన్న రాకపాయె గదనే అమ్మా.”