అయస్కాంతం లేని ఇల్లు

మొన్న వేలాంగణి వెళ్లొచ్చిన మా చెల్లెలు, మట్టెవాడలోని మా ఇంట్లో అడుగుపెట్టగానే, "ఏందక్కా, నీ ఫ్రిజ్ గింత బోసిగున్నది?" అంటూ మరియమాత బొమ్మ ఉన్న చిన్న అయస్కాంతాన్ని దాని తలుపుకు టక్కున అంటించింది. నా చెయ్యి దానంతటదే లేచి దాన్ని పీకబోయింది. ఏళ్ల తరబడి అలవాటు మరి.

మావారూ నేనూ ఒకే కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాళ్లం. మన చిన్నప్పుడు రేడియో విప్పితే కనిపించే మూడుకాళ్ల ట్రాన్సిస్టర్ మీకూ గుర్తుండే ఉంటుంది; ఎలక్ట్రాన్‌కు విద్యుదావేశంతో పాటు స్పిన్ అనే గుణం కూడా ఉంది కదా, దాన్ని ఆసరా చేసుకుని అయస్కాంతంతో నడిచే ట్రాన్సిస్టర్ చెయ్యాలని, అది కరెంటు పోయినా ఏదీ మరిచిపోదని, ఆయనకు పెళ్లినాటి నుంచీ ఒకటే పిచ్చి. సెమీకండక్టర్ ముక్క మీద వేసిన పల్చటి అయస్కాంత పొర గడ్డకట్టే చలిలో తప్ప పలికేది కాదు గనుక, పరకాల పశువుల దవాఖానలో బతిమాలి, ఎద్దు వీర్యం నిల్వకు వాడే ద్రవ నైట్రోజన్ తెచ్చుకునేవాళ్లం, ఆ క్యాన్ చూసి దారిలో ఎవరైనా ఏ బర్రెకని అడిగితే ఆయన నవ్వాపుకోలేకపోయేవారు.

అటువంటి మనిషికి గుండె నెమ్మదించి పేస్‌మేకర్ పెట్టారు. అయస్కాంతం దగ్గరైతే అది గతి తప్పుతుంది, ఇక వాటి దగ్గరికి పోవద్దన్నాడు డాక్టరు. మా ల్యాబ్‌లో ఉన్నదే పెద్ద ఎలక్ట్రోమాగ్నెట్, ఆయన ప్రయోగానికి ఆయనే బయటివాడయ్యారు. వరండాలో కుర్చీ వేసుకుని ఆయన చెబుతుంటే లోపల నేను చేసేదాన్ని. దేవుడి మీద నాకప్పుడొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇంట్లోకైతే పర్సు గుండీలో దాగిన అయస్కాంతాన్ని కూడా గడప దాటనివ్వలేదు. అంత చిన్నదాని ప్రభావం జానెడు దూరం పోదని పిల్లలకు పాఠం చెప్పినదాన్నే, అయినా నా మనసు వినేది కాదు.

ఒక మధ్యాహ్నం మాగ్నెట్ వేయగానే మీటర్ ముల్లు కదిలింది, దిశ మారిస్తే వెనక్కి వచ్చింది. నా కేక విని ఆయన వరండాలోంచి, "కదిలిందా? నిజంగ కదిలిందా? జర నిమ్మళంగ మల్లొకసారి జూడు" అన్నారు. చూశాను. నేనే చూశాను, జీవితమంతా దానికోసం ఎదురుచూసిన మనిషి చూడలేదు. పొడవాటి వైరు వేసి మీటర్‌ను వరండాలోకి తెద్దామనుకున్నాం, వైరు కొన్నాం కూడా. వారం తిరక్కుండానే ఆయన నిద్రలోనే పోయారు. ఆ వైరు చుట్ట విప్పే ధైర్యం నాకింతవరకూ రాలేదు.

ఇప్పుడు పిల్లలు సెల్‌ఫోన్ వెనకాల కూడా అయస్కాంతం అంటించుకుని తిరుగుతున్నారు, చూస్తే నాకింకా గుండె గుభేలుమంటుంది. చెల్లెలు వెళ్లాక ఆ బొమ్మను తీద్దామని ఫ్రిజ్ దాకా వెళ్లి, తియ్యకుండానే నిలబడి ఏడ్చాను. ఇంట్లో ఎన్ని అయస్కాంతాలైనా పెట్టుకోవచ్చు ఇప్పుడు. ఎవరికీ ఏమీ కాదు.