మా ఇంటికి నేను రప్పించిన అమ్మవారు

చంకలో ఉల్లిపాయ పెట్టుకుంటే జ్వరం వస్తుందని మా హైస్కూల్లో తెలియనివాళ్ళు లేరు. అలా జ్వరం వచ్చినవాళ్ళని మాత్రం నేను చూడలేదు. తొమ్మిదో తరగతిలో నేనూ ఒకసారి పెట్టుకుని పడుకున్నాను. ఒళ్ళు వేడెక్కలేదు గానీ, నాన్నమ్మ దగ్గరికొచ్చి వాసన చూసి, "కూరలోకి ఉల్లిపాయ నేదని మీ అమ్మ ఎతుకుతన్నాది. తీసి ఇచ్చీయే" అంది. అందుకే పదో తరగతికి వచ్చేసరికి కొంచెం పెద్ద ఎత్తే వేశాను.

ఆ వేసవి సెలవుల్లో చెయ్యమని లెక్కల మాస్టారు ఇచ్చిన నోటు పుస్తకంలో నా పేరు తప్ప ఏమీ రాయలేదు. పేరు మాత్రం రంగు పెన్నులతో, చుట్టూ పువ్వులు వేసి మరీ రాశాను. బడి తెరిచిన మొదటి రోజు మాస్టారు రాలేదు, బతికిపోయాను. రెండో రోజు వస్తారని తెలిసింది. పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి, కంచె మీద పాకే దూలగొండాకు కోసి చేతులకీ మెడకీ రుద్దుకున్నాను. అది తగిలితే దద్దుర్లు లేస్తాయని మా ఊళ్ళో మేకలకి కూడా తెలుసు. ఎంత దురద పెడుతుందో నాకు అప్పుడే తెలిసింది. ఏడుస్తూ ఇంట్లోకి పరుగెత్తాను. ఏడుపు నిజమే కాబట్టి నటించే పని తప్పింది.

నేననుకున్నది ఒక్కరోజు సెలవు. కాస్త కొబ్బరినూనె రాసి పడుకోబెడతారని. నాన్నమ్మ నా మెడ చూసి రెండు చేతులూ జోడించింది.

"ఓలమ్మా, దండాలు తల్లీ! గుంటకి అమ్మోరు సూసినాది!"

మా బెస్తవీధిలో ఆటలమ్మ పోస్తే దాన్ని రోగం అనరు. అమ్మవారు ఇంటికి వచ్చిందంటారు. వచ్చాక ఇంటికి కొన్ని కట్టుబాట్లు ఉంటాయి. గుమ్మానికి వేపమండలు కడతారు. పోపు పెట్టరు. చేప వండరు, అమ్మరు. మూడుసార్లు వేపనీళ్ళు పోసి అమ్మని సాగనంపేదాకా ఆ ఇంటి మగవాళ్ళు వల ముట్టరు, పడవ ఎక్కరు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నవే ఇవన్నీ. ఆకు రుద్దుకునేటప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు, లెక్కల సూత్రాల్లాగే.

ఆ పూట నా వైభవం చెప్పనలవి కాదు. నన్ను వేపాకుల మీద పడుకోబెట్టారు. రోజుకి నాలుగుసార్లు నా వీపు విమానం మోత మోగించే అమ్మ, "మజ్జిగ తాగుతావా తల్లీ?" అని వంగి అడిగింది. ఎదురింటావిడ గుమ్మం బయటే నిలబడి దండం పెట్టి, "మా పెద్దోడు ఇంటర్ గట్టెక్కుతాడా తల్లీ?" అంది. ఎక్కుతాడన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. కోటబొమ్మాళి సంతకని అమ్మ కట్టుకున్న ఎండుచేపల గంప పక్కింటికి పోయింది. సాయంత్రానికి దద్దుర్లన్నీ అణిగిపోతే, "ఎంత సల్లని తల్లో!" అని నాన్నమ్మ ఇంకోసారి దండం పెట్టింది.

అప్పుడొచ్చాడు నాన్న, రేవు నుంచి. చేతుల నిండా పడవకి వేసిన నీలం రంగు. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు పెట్టిన రెండు నెలల వేట నిషేధం ఎల్లుండితో అయిపోతుంది. ఆ మొదటి వేటకే చేప బాగా పడుతుందని వీధి వీధంతా రెండు నెలలుగా వలలు బాగుచేసుకుంటూ ఎదురు చూస్తోంది. మా ఇంట్లో బియ్యం డబ్బా కూడా దానికోసమే ఎదురు చూస్తోంది. నాన్న గుమ్మానికి ఉన్న వేపమండలు చూసి అక్కడే ఆగిపోయాడు. భుజం మీదున్న వల తీసి, ఇంట్లోకి తేకుండా పక్కింటి అరుగు మీద పెట్టేశాడు.

కాసేపటికి తండేలు వచ్చాడు. తండేలంటే పడవకి పెద్ద. వీధిలోనే నిలబడి, "నువ్వు ఉండిపో బావా. ఈ పాలికి నీ బదులు ఇంకోడ్ని ఎక్కించుకుంతాను" అన్నాడు. నాన్న సరేనన్నాడు.

లోపల వేపాకుల మీద నేను లేచి కూర్చున్నాను. తండేలు వెళ్ళగానే నాన్నమ్మని పిలిచి, ఆకు దగ్గర్నుంచి అంతా చెప్పేశాను. మండలు విప్పేస్తే నాన్న పడవెక్కొచ్చు కదా అన్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"అబద్దం ఆడినావు నువ్వు. నేను ఆడనేదు గదే! మండ కట్టి, దండమెట్టి, రాయే తల్లీ అని పిలిసినాను. ఇప్పుడు మా గుంట నాటకమాడింది, నువ్వు ఎల్లిపో అనీసి అమ్మోర్ని గెంటీమంతావేటి?"



అరుగు మీదున్న నాన్న దగ్గరికి వెళ్ళి, ఆయనకీ చెప్పాను.

"లెక్కలు అస్సలు రావేటి?" అన్నాడు.

"రావు."

"మరి ఉల్లిపాయెట్టుకోకపోయినావా!"

"తండేలు మావకి నిజం సెప్పీనా?"

"సెప్తే వీధంతా నవ్వుతాది. నీకు పెళ్ళయి పిల్లలు పుట్టినా నవ్వుతాది. ఊరుకో."

పడవలు వెళ్ళాయి. నాన్న అరుగు మీద కూర్చుని ఇంజన్ల చప్పుడు విన్నాడు. రొయ్యలు, చందువలు నింపుకుని అవి తిరిగొచ్చినప్పుడు రేవులో కేకలు మా ఇంటిదాకా వినిపించాయి. నేను దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. నాన్న ఒక్క తిట్టు తిట్టినా కాస్త తేలికపడేదాన్ని.

మూడో నీళ్ళు పోసిన మర్నాడు నేను బడికీ నాన్న వేటకీ బయల్దేరాం. గాలి చూసుకుని పొద్దెక్కాక వెళ్దామన్నాడట తండేలు. అమ్మ అప్పటికే క్యారేజీ కట్టేసింది. నాన్న మంచినీళ్ళు తాగాడు. కాసేపాగి మళ్ళీ తాగాడు. కట్టుకున్న తువ్వాలు విప్పి వేరేది కట్టుకున్నాడు. చెప్పులేవని అడిగాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

లెక్కల పీరియడు ఉన్న రోజు పొద్దున్న నేను చేసే పనులు ఒక్కటీ వదలకుండా చేస్తున్నాడు.

"కడుపు నొప్పేటి నాన్నా?" అన్నాను.

అమ్మ వినలేదు కదా అని ఒకసారి లోపలికి చూశాడు.

"రెండు నెల్లు ఒడ్డునుండిపోయి మళ్ళీ ఎల్లాలంతే ప్రెతి ఏడూ ఒస్తాది. కెరటం దాటితే పోతాది."

మా నాన్నకి భయం వేస్తుందని నాకు అంతవరకూ తెలియదు. నన్ను బడికి తీసుకెళ్ళే ఆటో రావడానికి ఇంకా చాలా టైముంది. అయినా లెక్కల నోటు పుస్తకం సంచిలో పెట్టుకుని, ఆయన కంటే ముందు నేనే గుమ్మం దాటాను.