చెవితో బండి చూసే ఓంకార్

జగ్గయ్యపేటలో కోదాడ వెళ్ళే దారి పక్కన ఓంకార్ మోటారుబండ్ల రిపేరు షెడ్డు ఉండేది. వాళ్ళది వ్యాపారస్తుల కుటుంబం. అన్న చెన్నకేశవరావుకి నందిగామలో పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉంది. తమ్ముడూ కొట్లో కూర్చుంటాడని ఇంట్లో అందరూ అనుకుంటుంటే, తొంభై ఒకటిలో అతను పానా పట్టుకున్నాడు. మన ఇంటావంటా లేని పని అని తండ్రి ఏడాది పాటు అతనితో మాట్లాడలేదట.

నేను నందిగామలో ఉంటూ జగ్గయ్యపేట హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. రోజూ బండి మీదే రాకపోకలు. ఓంకార్ బండి మీద చెయ్యి వేసేముందు వినేవాడు. తల కొంచెం పక్కకి వంచి, కళ్ళు మూసుకుని, "ఒకసారి రేజ్ ఇచ్చి వదిలెయ్యండి" అనేవాడు. అంతే. రోగం చెప్పేవాడు. ఒకసారి నేను చైన్ బాగుచేయమని వెళ్తే, బండి ఇంకా షెడ్డు ముందు ఆపకముందే, "చైన్ అనుకుని వచ్చారేమో, కాదండి మాస్టారూ, వెనక చక్రం బేరింగ్ పోతోంది" అన్నాడు. విప్పితే అదే. పెనుగంచిప్రోలు నుంచీ వత్సవాయి నుంచీ రైతులు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

రెండువేల అయిదు దాటాక కొత్తరకం బండ్లు వచ్చాయి. వేగంగా వెళ్తూ యాక్సిలేటర్ వదిలితే చాలు, సైలెన్సర్‌లోంచి టపటపమని పేలేవి. బడిపిల్లలు నవ్వేవాళ్ళు, పశువులు బెదిరేవి. షోరూం వాళ్ళు పొగ తగ్గించే ఏర్పాటండీ, అలాగే ఉంటుంది అని పంపేసేవాళ్ళు. ఓంకార్ మూడు రోజులు ఒక బండి ముందు కూర్చుని కారణం పట్టుకున్నాడు. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరిని కాల్చేయడానికి కంపెనీ వాళ్ళు సైలెన్సర్ మొదట్లోకి ఒక చిన్న రబ్బరు పైపుతో గాలి పంపిస్తున్నారు. యాక్సిలేటర్ వదిలినప్పుడు ఆ గాలే ఆవిరిని అంటించి పేలుస్తోంది. అతను ఆ పైపూ, దాని వాల్వూ తీసేసి, రంధ్రానికి రేకుబిళ్ళ బిగించాడు. చప్పుడు ఆగిపోయింది. తీసిన సామాను పారేయకుండా ఒక డబ్బాలో వేసి, ఒక్కోదానికీ బండి నంబరు రాసిన చీటీ కట్టాడు.

"పొగ ఎక్కువవుతుందేమో కదా" అన్నాను.

"కొంచెం అవుద్దండి. అందుకే ఊరికే తియ్యను. వినిపించి, అదే కారణమని తేలితేనే తీస్తా."

రెండువేల ఏడులో నా కొత్త బండీ పేలడం మొదలుపెట్టింది. ఓంకార్ గాలి పైపు తీసి, ఒక చుట్టు తిరిగొచ్చి, "పోయిందండి" అన్నాడు. నేను నందిగామ చేరేలోపే మళ్ళీ టపటప. మర్నాడు వెళ్ళి చెప్పాను. అతను మళ్ళీ నడిపి వచ్చాడు.

"లేదండి, మాస్టారూ. మీ అనుమానం."

"అనుమానమేంటి ఓంకార్. నువ్వు వస్తుంటే ఇక్కడ నిలబడే విన్నాను."

అతను ముఖం గంటు పెట్టుకున్నాడు. అతన్ని అలా చూడడం నాకదే మొదలు. అప్పుడే భార్య లక్ష్మీప్రసన్న అన్నం క్యారియర్ తెచ్చింది. బండి స్టార్ట్ చేసి ఉంది. ఓంకార్ రేజ్ ఇచ్చి వదిలాడు. మూడు సార్లు పేలింది.

"వస్తోందిగా" అంది ఆవిడ మెల్లిగా.

ఓంకార్ మా ఇద్దరి ముఖాలూ చూశాడు. తర్వాత కింద కూర్చుని, అరచెయ్యి సైలెన్సర్ చివరికి దగ్గరగా పెట్టి, రెండో చేత్తో రేజ్ ఇచ్చి వదిలాడు. వేడిగాలి అరచేతికి టక్కుటక్కున తగిలినట్టుంది. మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ తగిలింది. అయిదారుసార్లు అలాగే చేసి బండి ఆపేశాడు. చెయ్యి తీయకుండా అలాగే కూర్చుండిపోయాడు.

కాసేపటికి లేచి, బండి మళ్ళీ స్టార్ట్ చేసి, సైలెన్సర్ ఇంజన్‌కి కలిసే చోటికి దగ్గరగా చెయ్యి పెట్టి చూశాడు. అక్కడ ప్యాకింగ్ కాలిపోయి గాలి పీలుస్తోంది. అది మార్చి, డబ్బాలోంచి నా బండి గాలి పైపు వెతికి యథాప్రకారం బిగించాడు. "ఇప్పుడు విని చెప్పండి" అన్నాడు. నా వైపు చూడలేదు.

విజయవాడలో డాక్టరు పరీక్ష చేసి, చెవి నరం దెబ్బతింది, సన్నని శబ్దాలు ఇక వినబడవు, మిగిలినవీ తగ్గుతూ వస్తున్నాయి అన్నాడట. పదహారేళ్ళు ఇంజన్ల పక్కన తల పెట్టిన ఫలితం. చెవి మిషన్ పెట్టించారు. "అన్నీ ఒకేలా ఉన్నాయండి, రేకుల మీద వాన పడ్డట్టు" అని నాలుగు రోజుల్లో తీసేశాడు.

లక్ష్మీప్రసన్న నాతో అంది, "నేను మాట్లాడేటప్పుడు నా పెదాలే చూస్తున్నారని ఏడాది కిందటే కనిపెట్టా మాస్టారండీ. ఆ మాట అంటే షెడ్డు మూసేస్తారని నోరెత్తలేదు."

ఓంకార్‌కి వేరే బాధ పట్టుకుంది. వినకుండానే విన్నానని ఎంతమంది బండ్లు ఊడదీశానో అని. ఆ ఏడాది చీటీలన్నీ ఏరి, డబ్బా కట్టుకుని ఊరూరా తిరగడం మొదలుపెట్టాడు. బండ్లవాళ్ళ మాట సరిగ్గా వినబడదని ఒక ఆదివారం నన్ను తోడు రమ్మన్నాడు. చందర్లపాడులో బసవయ్య అనే పత్తి రైతు ఇంటికి వెళ్ళాం. ఓంకార్ వచ్చిన పని చెప్పి, "మీ బండి చప్పుడు తగ్గిందా అండి?" అని అడిగాడు.

బసవయ్య ఇబ్బందిగా నా వైపు చూశాడు. "తగ్గలేదయ్యా. చెబుదామనే అనుకున్నా. ఓంకార్ అంతటోడు పోయిందన్నాక, నా చెవుల్లోనే ఏదో ఉందనుకున్నా. ఇంట్లోవాళ్ళు అంటున్నా కొట్టిపారేశా."

నేనది ఓంకార్‌కి చెప్పలేకపోయాను. చెప్పాల్సిన పని లేకపోయింది. అతను బసవయ్య నోటి వంకే చూస్తున్నాడు. చూడడం అయ్యాక కింద కూర్చుని బండి విప్పాడు. బోల్టు చేతికి దొరకడానికి చాలాసేపు పట్టింది.

ఇరవై మూడు బండ్లకి గాను పద్దెనిమిది దొరికాయి. కొందరు బాగానే ఉంది, ముట్టుకోవద్దన్నారు. మిగతా అయిదూ అమ్ముడుపోయి ఎక్కడెక్కడికో వెళ్ళాయి. ఆ అయిదు చీటీలూ అతను చాలాకాలం జేబులో పెట్టుకు తిరిగాడు.

ఆ తర్వాతి ఎండాకాలం షెడ్డు ఖాళీ చేశాడు. "ఇంకొకళ్ళని పెట్టుకుని విని చెప్పమంటే సరిపోదా" అని నేను అన్నాను. ఆ మాట అతనికి అందక కాగితం మీద రాయాల్సి వచ్చింది. చదివి, "ఒకళ్ళు విని చెబితే ఇక నేను చేసేది బోల్టు బిగించడమే అండి" అన్నాడు. అన్న కొట్లో పప్పులు తూచడానికి చేరాడు. చెన్నకేశవరావు తమ్ముణ్ణి ఒక్కమాట అనలేదు. పెద్దగా అరవాల్సి వస్తుందని నలుగురిలో అసలు పిలిచేవాడు కాదు. చేత్తో సైగ చేసేవాడు.

రెండువేల తొమ్మిదిలో ఒక సాయంత్రం కందిపప్పు కోసం వెళ్ళాను. ఓంకార్ నన్ను చూసి గబగబా ముందుకొచ్చాడు. "బండి బాగుందా మాస్టారూ?" గొంతు కాస్త ఎక్కువ గట్టిగా వచ్చింది. కొట్లో వాళ్ళు తిరిగి చూశారు.

వారం నుంచి ఇంజన్‌లో ఏదో గరగరమంటోంది. ఇద్దరు మెకానిక్కులకి చూపించినా తేలలేదు. "బాగుంది" అన్నాను. అతను నా పెదాలు చూసి, తలూపి, నా వెనకున్న మనిషి సంచీ అందుకున్నాడు.