అట్టడుగు పెట్టె తెరిచేదాకా

కిందటి నెల ఒక మంగళవారం పొద్దున్న, పాలు పొయ్యి మీద ఉండగా ఫోనొచ్చింది. మేస్టారు పోయారు. నిద్రలోనే, ఎవర్నీ లేపకుండా. పని చేసినన్నాళ్ళూ ఆఫీసులో ఎవర్నీ కునుకు తియ్యనివ్వని మనిషి అలా వెళ్ళిపోవడం నాకు అన్యాయంగా తోచింది. పాలు పొంగిపోయాయి. చాలాసేపు తుడవలేదు.

మేస్టారంటే బడిలో కాదు. ఒకప్పుడు లెక్కలు చెప్పేవారట. డెబ్బైల చివర్లో నేను చేరేనాటికి విశాఖపట్నం హార్బరు దగ్గర ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో, ప్రోగ్రాములు రాసే మా ఆరుగురికీ ఆయన పెద్ద. కంప్యూటర్ని చూడ్డానికి చుట్టాలొచ్చే రోజులవి. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళం. ఏసీ గదిలో మిషను, దానికి తినిపించడానికి కన్నాలు పొడిచిన అట్టకార్డులు.

ఆయన కళ్ళజోడు డబ్బాలో, డబ్బా గుడ్డసంచిలో, సంచి రేకుపెట్టెలో, పెట్టె సొరుగులో ఉండేది. సముద్రపు గాలికి ఫ్రేము తుప్పు పట్టేస్తుందని ఆయన వాదన. ఫ్రేము ప్లాస్టిక్‌ది. అవన్నీ విప్పి జోడు పెట్టుకునేసరికి మేం చూపించడానికి తెచ్చిన కాగితం ఏమిటో మాకే గుర్తుండేది కాదు. ఎవరైనా సొరుగు లాగి చూసి లేదంటే మాత్రం ఊరుకునేవారు కాదు.

"పైమూత తీసి నేదనేకు. అట్టడుగుదాకా సూసి సెప్పు" అనేవారు.

అప్పటిదాకా "ఇంకా కనబడలేదు" అనాలి. ఈ అలవాటు మా ఇళ్ళకీ పాకింది. మా ఆయన పప్పులో ఉప్పు ఇంకా కనబడలేదనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఆయన మాట నేను పెడచెవిన పెట్టింది ఒక్కసారే. ఒక ఫ్యాక్టరీ కోసం భూములు పోయిన వాళ్ళ జాబితా మాకొచ్చింది. ఇంటికో ఉద్యోగం ఇస్తారు. పేరు చెబితే ఆ మనిషి జాబితాలో ఉన్నాడో లేడో మిషను చెప్పాలి. జాబితాలో ఊళ్ళు, ఊళ్ళో ఇళ్ళు, ఇంట్లో పెద్దా ఆయన పిల్లలూ. అక్కడిదాకా వెతికేట్టు రాసేసి, రెండు రోజుల్లో ముగించానని అందరికీ టీలు కూడా తాగించాను.

శుక్రవారం ఒకతను వచ్చాడు. పాతికేళ్ళుంటాయి. చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నాను ఇక్కడే ఉన్నాను కదమ్మా. మీ మిసను లేనంటాదేటి?"

మిషను అబద్ధం చెప్పదన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అతను ఇల్లరికపు అల్లుడు. మావగారికి కొడుకుల్లేరు, ఉన్న రెండెకరాలూ పోయాయి. కన్నవారింటి వాటా అన్నదమ్ములకి ఎప్పుడో వదిలేసి వచ్చాడు. మర్నాడు సాయంత్రం ఐదింటికి, మిషను ఉన్నారని తేల్చిన వాళ్ళ జాబితా ఫ్యాక్టరీకి వెళ్ళిపోతుంది. అందులో అతని పేరు లేకపోతే ఆ ఇంటికి ఉద్యోగం రాదు.

మేస్టారు సొరుగు, పెట్టె, సంచి, డబ్బా వరసగా తెరిచి కళ్ళజోడు పెట్టుకుని, ఇతని పేరు ఏ కార్డులో ఉంటుందని నన్నడిగారు. అప్పటికి గానీ నాకు వెలగలేదు. ఇల్లరికపు అల్లుణ్ణి కూతురి కింద, విడిగా ఇంకో కార్డులో రాశారు. నా ప్రోగ్రాము కూతురిదాకా వెళ్ళి, ఆవిడ వెనక ఇంకెవరున్నారో చూడకుండా తిరిగొచ్చేసింది. మేస్టారి ముఖం ఎర్రబడింది. ఆయనా ఇల్లరికమే. సింహాచలం కొండ కింద మావగారింట్లో ఇరవయ్యేళ్ళుగా కాపురం, గుమ్మం మీది బోర్డు మాత్రం ఇంకా మావగారి పేరుతోనే.

అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, తన క్యారేజీ తెచ్చి నా బల్ల మీద గిన్నెలన్నీ విప్పారు. పేరు కనబడితే పోల్చి చూడు. పెట్టె కనబడితే తెరువు. అందులో ఇంకో పెట్టె ఉంటే దాన్నీ అలాగే తెరువు. తెరవడానికేమీ మిగలనప్పుడే లేదను. ఇదీ పాఠం. ఆవకాయ నూనె నా కార్డుల మీద ఒలికింది. పదకొండు కార్డులు మళ్ళీ పొడిచాను.

శనివారం మధ్యాహ్నం కొత్త ప్రోగ్రాము నడిపించాం. ఈసారి అతితెలివికి పోయాను. ఒక కార్డులో ఇంకో కార్డు ప్రస్తావన ఉంటే, ముందు అటు వెళ్ళి, తిరిగొచ్చాకే ఈ కార్డు మీది పేరు చూడమన్నాను. తెరిచిన ప్రతి ఇంటి పెద్ద పేరూ అచ్చు వెయ్యమన్నాను. అల్లుడి కార్డులో నివాసం మావగారిల్లని రాసుంది. ఇంకేం, మిషను మావగారి నుంచి కూతురికి, కూతురి నుంచి అల్లుడికి, అల్లుడి నుంచి మళ్ళీ మావగారికి. ప్రింటరు దడదడలాడుతూ గజాలకొద్దీ కాగితం మీద ఒకే పేరు కొట్టింది. కాగితం పాక్కుంటూ అతని కాళ్ళదాకా వచ్చింది. అతను కంగారుగా లేచి, ఏం రాసిందని అడిగాడు.

"మీ మాంగారి పేరే. ఇల్లరికమంటే అంతే బావా, ఎటెల్లినా ఆయనే తగుల్తారు. నాకూ అంతే" అన్నారు మేస్టారు.

ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకుంటున్నారు. గడియారం చూసుకుని నేను ఏడుస్తున్నాను. ఆయన నవ్వు ఆపుకుని, తెరిచిన పెట్టె మీద సున్నంబొట్టు పెట్టుకుంటే మళ్ళీ తెరవవు కదా అమ్మా అన్నారు. ఒకసారి తెరిచిన కార్డుకి గుర్తు పెట్టించి మళ్ళీ నడిపాను. నాలుగున్నరకి అతని పేరు, పక్కన ఉన్నాడన్న మాట అచ్చయ్యాయి. మేస్టారు ఆ పేరు జాబితాలోకి ఎక్కించి, అచ్చయిన ముక్క చింపి జేబులో పెట్టుకున్నారు. ఐదింటికి జాబితా వెళ్ళింది.

అతనికి ఉద్యోగం వచ్చింది. రిటైరు కూడా అయ్యాడు. మేస్టారి పదకొండో రోజున సింహాచలం వెళితే నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు, తల ముగ్గుబుట్టయి. ఫొటో ముందు కళ్ళజోడు పెడదామంటే ఇల్లంతా వెతికారట, లేదన్నారు మేస్టారి అబ్బాయి. నాకు కోపం వచ్చింది. ఈ ఇంట్లో ఆ మాటా? రేకుపెట్టె తెమ్మన్నాను. పెట్టెలో సంచి, సంచిలో డబ్బా. డబ్బాలో, కాగితంలో చుట్టిన కళ్ళజోడు.

కాగితం పసుపుపచ్చగా మారింది. అంచున ప్రింటరు కన్నాలు. అక్షరాలు వెలిసిపోయినా పేరు తెలుస్తోంది. చూసి, అతని చేతిలో పెట్టాను. అతను తన పేరు చదువుకున్నాడు. పెట్టె వంక, సంచి వంక, డబ్బా వంక చూశాడు.

"ఇన్నిటి లోపల పెట్టీసారేటమ్మా నన్ను?" అన్నాడు.

కళ్ళజోడు నేను ఫొటో ముందు పెట్టాను. అతను ఆ కాగితాన్ని పాత మడతల్లోనే మడిచి డబ్బాలో పెట్టాడు. డబ్బా సంచిలో పెట్టి, సంచి పెట్టెలో పెట్టి, మూత వేశాడు.