పడవపిల్ల బతికొస్తుందేమో

కళ్ళజోళ్ళ షాపులో మరలు బిగించే ఆయన నోరు ఊరుకోదు. అద్దం మీద ఆవిరి ఊది చొక్కా అంచుతో తుడుస్తూ, ఎపిసోడ్లుగా వచ్చే, తను ఆడే వీడియోగేమ్ రెండో భాగంలో ఏం జరగబోతుందో వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు. జోడు ఆయన చేతిలో ఉంటుంది కాబట్టి ఎవరూ లేచిపోలేరు. ఎక్కడ మొదలెట్టినా ఆ కబుర్లు ఒక్కచోటికే చేరతాయి: మొదటి భాగం చివర ఏట్లో పడిపోయిన పడవపిల్ల, అదే పడవ నడిపే అమ్మాయి, బతికే ఉంటుందని. ఆ పిల్లను కాపాడతావా, ఊరిని కాపాడతావా అని గేమ్ అడిగినప్పుడు ఊరిని ఎంచుకున్నది ఆయనే. అప్పటిదాకా ప్రతి ఎపిసోడూ చెల్లెలి పక్కన కూర్చుని, ఇద్దరూ తగువులాడుకుని మరీ మీట నొక్కేవారు. చివరిది మాత్రం, ఆమె పరీక్ష రాసి వచ్చేదాకా ఆగలేక ఒక్కడే ఆడేశాడు. ఆ తర్వాత ఆమె మళ్ళీ ఆయన పక్కన ఆటకు కూర్చోలేదు.

నిన్న వదులైన జోడు పట్టుకుని ఆ చెల్లెలే షాపుకు వచ్చింది. “రెండో భాగం వచ్చేస్తోందమ్మా! నీళ్ళలో పడటమే చూపించారు, శవాన్ని చూపించలేదుగా. బతికొస్తుంది, చూస్తూ ఉండు” అన్నాడు తల ఎత్తకుండా.

“వస్తే రానియ్యి అన్నయ్యా. అది చచ్చిపోయిందనా నేనప్పుడు ఏడ్చింది? నువ్వు నాకోసం ఆగలేదని” అంది ఆమె. అని, తనే కాస్త నవ్వింది. “త్వరగా కానియ్యి, నీ మొహం కూడా ఆనట్లేదు నాకు.”

మర అప్పటికే గట్టిగా బిగిసింది. “ఇంకాస్త ఆగమ్మా” అంటూ ఆయన దాన్ని మెల్లగా విప్పి, మళ్ళీ మొదటినుంచి బిగించసాగాడు.