బోణీ వాన

రాజాం బజారులో మా నాన్నకి ఇత్తడి సామాన్ల కొట్టు ఉండేది. పొద్దున్న బోణీ అయ్యేదాకా ఇంట్లో ఎవరం గట్టిగా తుమ్మకూడదు. మొదట వచ్చిన బేరాన్ని లాభం లేకపోయినా వదలకూడదు. అది పోతే రోజంతా పోయినట్టే. ఆ ఇంట్లో పెరిగిన పిల్లని కదా, పెళ్ళై శ్రీకాకుళం దిగువన సముద్రం వైపు ఊరికి వచ్చాక వానని కూడా అలాగే చూశాను. ఏడాదిలో మొదటి వాన పడిందా, ఆ నీళ్ళు పట్టాల్సిందే.

మా అత్తకి కావలసిందీ వాన నీళ్ళే. మా బోరు నీళ్ళలో కందిపప్పుకి కుక్కర్ ఎన్ని కూతలు కూయించినా గింజ గింజలాగే ఉంటుంది. వాన నీళ్ళలో అయితే గరిటె తగలగానే కరిగిపోతుంది. అత్తకి మిగిలినవి నాలుగు పళ్ళు.

"నాలుగు పళ్ళతో ఈ రాళ్ళేటి నమల్ను?" అని పప్పు పక్కకి తోసేసి చారన్నంతో సరిపెట్టుకునేది. వాన నీళ్ళ పప్పు తిని ఆవిడకి ఏళ్ళయింది.

ఎందుకంటే మాకు పడమటి దిక్కున పొగగొట్టాలు లేచాయి. ఆ పొగ మబ్బులో కలిసి, వానతో పాటు పులుపై కిందికి దిగుతుంది. మొదటి వాన పడ్డ మర్నాడు పెరట్లో తోటకూర ఆకుల మీద నిప్పురవ్వలు పడ్డట్టు మచ్చలు. ఇక పశువుల పాక మీది రేకుల సంగతి చెప్పాలంటే నాకే సిగ్గు. అవి నేనే రాజాంలో గంటసేపు బేరమాడి తెచ్చినవి. కొట్టతను ఏడుపు మొహం పెట్టి ఇచ్చాడు. లోపల ఎంత నవ్వుకున్నాడో మూడో వానాకాలానికి తెలిసింది. అసలే పల్చటి పూత, ఆపైన పుల్లటి వాన. రేకులు జల్లెడైపోయాయి.

"మా కోడలు, పశువులు పడుకుని సుక్కలు సూడ్డానికి రేకులు కొన్నాది," అని అత్త వీధి వీధంతా చెప్పింది.

ఈ ఏడు కూడా మొదటి వానకి పరుగెత్తాను. నాలుగు కర్రలు పాతి, ఉతికిన పంచె నాలుగు కొసలూ వాటికి కట్టి, మధ్యలో గులకరాయి వేసి, కింద బిందె పెట్టాను. ఆ పద్ధతి అత్త నేర్పిందే. బిందె నిండేసరికి మా మరిది రొయ్యల చెరువు నుంచి వచ్చాడు. చెరువు నీళ్ళు పరీక్ష చేసే కాగితం ఎప్పుడూ అతని జేబులో ఉంటుంది. ఓ ముక్క చింపి బిందెలో ముంచాడు. వాన నీళ్ళకి లేత పసుపు వస్తే చాలట. వచ్చింది నారింజ రంగు.

"పుల్లగున్నాయి వదినా. పారబోసెయ్."

"సరిగ్గా సూడు. అంచున పసుపు కనబడతన్నాది."

"ఎక్కడ?"

"అదిగో. అయినా నారింజకీ పసుపుకీ ఎంత దూరమేటి? కొంచెం సర్దుకుని సెప్పు."

"రంగుతో బేరమేటి వదినా!"

అరుగు మీంచి అత్త అరిచింది. "ఒరే, దాంతో మాటాడితే నీ సొక్కా కూడా నీకే అమ్మేస్తాది. ముందు పారబొయ్యి!"

బోణీ నీళ్ళు పారబోయాలంటే నాకు చేతులు రాలేదు. మరిదే బిందె వంచేశాడు.

"మా చెరువుల్లోకి కూడా గట్టు మీంచి జారే మొదటి వాన నీళ్ళు ఊరికే దిగనివ్వం. పులుపు ఇరగడానికి గట్టున సున్నం జల్లి కాపు కాస్తాం. గాల్లో ఉన్న సెత్తంతా కడుక్కొచ్చేది అదే కదా. నువ్వేటి ప్రతేడూ ఆ మొదటి బిందే పట్టి, వానే పాడైపోనాదంటావు?"

"మరి ఇన్నేళ్ళూ సెప్పలేదేటి?"

"నువ్వు అడిగితే కదా. బేరమాడ్డమే గాని అడగడం ఎక్కడుంది నీకు?"

బేరమాడకుండా ఖాళీ బిందె లోపల పెట్టేశాను. నా జీవితంలో అది అరుదైన ఘట్టం.

తర్వాత రెండు వానలు వదిలేశాను. కొట్టు ముందు నుంచి కొనేవాళ్ళు తలెత్తకుండా వెళ్ళిపోతుంటే చూస్తూ కూర్చున్నట్టు ఉండేది. మూడోది పొగగొట్టాల వైపు నుంచి కాకుండా సముద్రం వైపు నుంచి వచ్చింది. అప్పుడు కూడా అరగంట ఆగాను. అత్త అరుగు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, వాననీ నన్నూ మార్చి మార్చి చూసింది. అప్పుడు పంచె కట్టాను.

మరిది కాగితం ముంచి పైకెత్తాడు. లేత పసుపు.

"ఇంతకన్నా మంచి రంగు లేదా?" అన్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది.

పప్పు ఉడికిన వాసనకే అత్త కంచం ముందేసుకుని కూర్చుంది. వడ్డించాను. వేళ్ళతో నొక్కింది. గింజ లేదు. కళ్ళు మూసుకుని తింది. మెప్పు కోసం పక్కనే నిలబడ్డాను.

"ఏటత్తా, ఎలాగున్నాది?"

"ఉప్పు తక్కువ," అని కంచం మళ్ళీ చాపింది.

ఉప్పు తక్కువైన పప్పు ఆవిడ మూడుసార్లు వడ్డించుకుంది. మూడోసారి మరిది గిన్నెలోకి తొంగి చూశాడు.

"అమ్మా, మాకేటీ మిగల్చవా?"

అత్త గిన్నె తన వైపు లాక్కుంది.

"నీకు పళ్ళున్నాయి కదరా. బోరు నీళ్ళ పప్పు తిను."