అవతలి ఒడ్డు పిండి

హామూంగ అంత నిజాయితీపరుణ్ణి నేను చూడలేదు. చూడకపోయినా బాగుండేది.

కరీబా సరస్సుకి ఈ ఒడ్డున మేం, ఆ ఒడ్డున మావాళ్ళే. దేశాలు వేరు, భాషా, వంశాలూ ఒకటే. నేను పడవవాణ్ణి. చేపలు పట్టడం, అటు కబుర్లు ఇటూ ఇటు కబుర్లు అటూ మొయ్యడం నా పని. హామూంగ చెల్లెలు చోల్వే అవతలి ఒడ్డున కాపురముంటుంది.

రెండువేల రెండు కరువులో మా స్కూలు పక్క గొడౌను నిండా మొక్కజొన్న బస్తాలున్నాయి. దూరదేశం పంపిన సాయం. అంతకుముందు అదే గింజ తిన్నాం, అరిగించుకున్నాం. ఉన్నట్టుండి మా ప్రభుత్వంవాళ్ళు పంచొద్దన్నారు. ఒక అధికారి వచ్చి మీటింగు పెట్టాడు. "ఈ గింజ లోపలి గుణాన్ని మనుషులు మార్చారు. తింటే మీకేమవుతుందో, మీకు పుట్టబోయేవాళ్ళకి ఏమవుతుందో మాకు తెలియదు," అన్నాడు. ఆయన అన్నది తెలియదని. ఊళ్ళో నాలుగిళ్ళు దాటేసరికి అది విషమైంది. తరవాత పంపినవాళ్ళ మనిషి ఒకడొచ్చాడు. మేమూ ఇదే తింటున్నాం, మీకేం నొప్పి అన్నట్టు మాట్లాడాడు. ఆకలిగా ఉన్నవాడు ప్రశ్నలడగడం అతనికి వింతగా తోచింది. ఆ ఇద్దర్నీ తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇద్దరూ కడుపునిండా తిని వచ్చినవాళ్ళే.

హామూంగకి ఖాకీ కోటూ, గొడౌను తాళంచెవీ ఇచ్చారు. అతను గుమ్మానికి అడ్డంగా పడుకునేవాడు. పక్క ఊళ్ళో జనం తలుపులు బద్దలుకొట్టి బస్తాలు ఎత్తుకుపోయారు. మా ఊళ్ళో ఒక్క గింజ కదల్లేదు. ఆ గర్వం అతని నడకలో కనిపించేది.

ఇంట్లో మాత్రం అతని కూతురు లుయాండో అడవి దుంపలు తినేది, బూడిద నీళ్ళలో కలిపిన చింతపండు తాగేది. ఇంకా మాటలు కూడా సరిగ్గా రాని పిల్ల. ఆ దుంపని నీళ్ళు మారుస్తూ రోజంతా ఉడికించాలి, లేకపోతే పేగులు మెలిపెడుతుంది. ఆకలితో ఏడ్చే పిల్ల అంతసేపు ఆగుతుందా?

అవతలి దేశంలో అదే గింజని పిండి పట్టించి పంచారు. చోల్వే ఒక సంచి నా పడవలో పంపింది.

"చెల్లెలు పంపింది అన్నా, పిల్లకి జావ కాచి పెట్టమంది," అన్నాను.

"అదేనా?"

"అదే. అక్కడందరూ తింటున్నారు. ఎవరికీ కొమ్ములు మొలవలేదు."

"ఇప్పుడే తెలీదురా. రేపు దీనికి పెళ్ళయి బిడ్డ పుట్టేటప్పుడు తెలుస్తుంది."

అతని భార్య చిపెగో సంచి పట్టుకుంది. "అది పెళ్ళిదాకా బతకాలి కదయ్యా! ఎప్పుడో వచ్చే జబ్బుకి భయపడి ఇవాళే మాడ్చి చంపుతావా?"

అతను సంచి లాక్కుని నీళ్ళలో కుమ్మరించాడు. చిపెగో మోకాలిలోతు దిగి, తడిసిన పిండిని దోసిళ్ళతో ఎత్తుకోబోయింది. జుట్టు పట్టి ఒడ్డుకి ఈడ్చాడు. అంతటితో ఊరుకున్నాడా? ఆ పిండి తిని ఉంటాయి, ఆ పక్క చేపలు కొనొద్దని ఊరంతా చాటింపేశాడు. నా బుట్టల్లో చేపలు కుళ్ళిపోయాయి.

లుయాండో ఎంతోకాలం ఉండలేదు. ఉడకని దుంపో, ఉత్త ఆకలో, రెండూనో. విరేచనాలు పట్టుకుని పోయింది.

చావుకి చోల్వే పిల్లల్ని వెంటబెట్టుకుని నా పడవలోనే వచ్చింది. మాలో కొన్ని వంశాల మధ్య పరాచికాల వరస ఉంటుంది. ఆ వరసవాళ్ళు చావింట్లో కూడా ఎంత మాటైనా అనొచ్చు, పడ్డవాళ్ళు నవ్వి తీరాలి. హామూంగకి అలా వరసైన ముసలిది బీనా మైంజా చేతికర్ర ఊపుతూ నడిమధ్యకి వచ్చింది.

"ఓసి చోల్వే, నువ్వింకా పోలేదుటే? విషం తిన్నావని, నీ కోసం దాచుకున్న ఏడుపంతా ఇక్కడ పారబొయ్యాల్సొచ్చింది! నీ పిల్లల బుగ్గలు చూడు, బూరెల్లా ఉన్నాయి! ఒరే హామూంగా, నీకు దొరకలేదట్రా ఆ విషం? ఓహో, దొరికింది కదూ, చేపలకి పెట్టావు కదూ! చేపలు కులాసాయేనా నాయనా?"

అందరూ నవ్వారు. హామూంగ కూడా నవ్వాడు, ఆచారం కదా. చిపెగో నవ్వలేదు. పూడ్చిపెట్టడం కాగానే పుట్టింటికి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకి లారీలొచ్చి బస్తాలన్నీ ఎక్కించుకుపోయాయి. కోటు మాత్రం అతనికే వదిలేశారు.

అప్పట్నుంచీ నా పడవ ఒడ్డుకి తగలకముందే వచ్చి నిలబడేవాడు. "మిజింగా ఎలా ఉంది? దగ్గేమైనా ఉందా? ఒంటిమీద మచ్చలు?" మిజింగా చోల్వే పెద్దకూతురు. మాలో చెల్లెలి పిల్లలే మనిషికి వారసులు, కాబట్టి ప్రేమనుకున్నాను. బాగుందని చెబితే మొహం వేలాడేసేవాడు. ఒకసారి మలేరియా వచ్చిందంటే కళ్ళు మెరిశాయి. "చూశావా, నే చెప్పలా?" అన్నాడు. దోమ కుట్టిందన్నా అంటే వినడు. నాకు అసహ్యం వేసింది. ఆ గింజ మంచిదో చెడ్డదో నాకు ఈ రోజుకీ తెలీదు. అది చెడ్డదని తేలకపోతే ఈ మనిషి బతకలేడని మాత్రం తెలుసు.

మిజింగా పెరిగింది, పెళ్ళయింది. మొన్న వానల్లో ఆ కబురు నేనే తెచ్చాను.

"మిజింగాకి మగపిల్లాడు పుట్టాడన్నా. తల్లీ బిడ్డా క్షేమం."

"కాళ్ళూ చేతులూ?"

"అన్నీ బాగున్నాయి."

"పాలు తాగుతున్నాడా?"

"తల్లిని వదిలితేగా!"

ముసలాడు ఆ పాత ఖాకీ కోటుతోనే నీళ్ళలోకి దిగి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు సరిగ్గా చూసుండవురా. రేపు మళ్ళీ వెళ్ళు. పిల్లాడి బట్టలు విప్పించి చూడు. ఎక్కడో ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఉండాలిరా."